అంబులెన్సువారికి అభయమున్నదా?

(ఉర్లాలో తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగము)



ఈ ఉర్లాలో ఉక్కు కొలుములు రేయింబవళ్ళు మండుచుండును. కాలినగాయములు, విరిగిన యెముకలు మనకు క్రొత్తవి కావు. ఇచటినుండి టాటీబంధ్ ఎయిమ్స్‌కుగాని, రాయపూరు అంబేద్కర్ ఆస్పత్రికిగాని పోవునంతసేపు రోగి ప్రాణము అంబులెన్సువారి చేతిలో నుండును.

కొంతకాలము క్రిందట మా పొరుగింటి పెద్దాయనకు ఆయాసము ముదురగా, బాడుగ అంబులెన్సులో నేను వెంట వెళ్ళితిని. సొమ్ము ముందే పుచ్చుకొనిరి. సగము దారిలో ప్రాణవాయువు సిలిండరు ఖాళీయని తేలినది. దైవకృపచే ఆయన బ్రతికిరి. మరునాడు అడుగబోగా యజమాని యొక కాగితము చూపి, "మాకు బాధ్యత లేదని మీరే సంతకము చేసితిరి గదా!" యనెను. ఆ సంతకము నాదే.

ఇట్టి అభయము చట్టములో నున్నదా? ఉన్నది, కాని యెవరికో చూడవలయును. 2019లో మోటారు వాహనముల చట్టమున 134-ఏ సెక్షను చేరినది. రోడ్డు ప్రమాదమున గాయపడినవారిని సద్బుద్ధితో, ప్రతిఫలాపేక్ష లేక, స్వచ్ఛందముగా ఆదుకొనువారి చేతిలో పొరపాటు జరిగినను, వారిపై సివిలు దావాగాని క్రిమినలు కేసుగాని చెల్లదు. కావున దారిలో పడియున్నవారిని చూచి జంకి తొలగిపోవలదు. బాడుగ పుచ్చుకొను సంస్థ మాత్రము ఈ గొడుగు క్రిందికి రాదు.

అమెరికాలోని కాలిఫోర్నియా చట్టము, సద్బుద్ధితో పనిచేసిన అంబులెన్సు సిబ్బందికి ఘోరమైన అజాగ్రత్త యున్నగాని బాధ్యత లేదనును. క్షణములో నిర్ణయింపవలసినవారికి కోర్టుభయము పనికిరాదను వాదమున న్యాయము లేకపోలేదు. అయినను ఖాళీ సిలిండరు క్షణకాలపు నిర్ణయము కాదు. బయలుదేరుటకు ముందే చూచుకొనవలసిన పని.

మన దేశమున ప్రభుత్వమునకే సంపూర్ణాభయము లేదు. ఉదయపూరు కలెక్టరుగారి జీపు మరమ్మతునుండి తిరిగివచ్చుచు ఒక పాదచారి ప్రాణము తీయగా, డ్రైవరు అజాగ్రత్తకు రాజస్థాన ప్రభుత్వమే బాధ్యత వహింపవలెనని 1962లో విద్యావతి కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ప్రభుత్వోద్యోగులమైన మనము మరువరాని తీర్పది.

రుసుము పుచ్చుకొను వైద్యసేవలు వినియోగదారుల చట్టము క్రిందికి వచ్చునని 1995లో వి.పి. శాంత కేసున తేలినది. 2019 నాటి చట్టము సేవాలోపములో అజాగ్రత్తను చేర్చినది. రెండు సంవత్సరములలోగా జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. పూర్తిగా ఉచితమైన సేవకు ఈ దారి లేదు. సివిలు కోర్టు కలదు. ఇక సంతకము మాట. న్యాయస్థానమునకు పోవు హక్కును పూర్తిగా అడ్డగించు ఒడంబడిక ఆ మేరకు చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 28వ సెక్షను చెప్పుచున్నది.

కావున సోదరులారా, బండి కదలకముందే సిలిండరు చూడుడు. బండి సంఖ్య, బయలుదేరిన వేళ వ్రాసికొనుడు. రసీదు అడుగుడు. ఆనాడు నేను రసీదు అడుగలేదు, కాగితము చదువలేదు, ఫిర్యాదు చేయలేదు. యజమాని తప్పు యజమానిదే. మౌనముగా ఊరకుండిన తప్పు నాది. అది మీకు కలుగకుండుగాక.