వేసవిలో పెరటి కూరగాయలు



పెరటితోటను గూర్చి మాట్లాడమనగానే ఏ విత్తనం వేయాలి, ఎంత ఎరువు వేయాలి అని మొదలుపెట్టడం మా వ్యవసాయశాఖ వారికి అలవాటు. డిప్లొమా పుచ్చుకొని ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అట్లే మొదలుపెట్టేవాణ్ణి. ఇప్పుడు మాత్రం బిందెతో మొదలుపెడతాను. ఎందుకంటారా, చెబుతాను.

గజపతినగరానికి దాపున ఒక పల్లె. అక్కడ ఒక పెద్దావిడ ఇంటివెనుక ఐదు సెంట్ల ఖాళీ, మూలను ఒక నుయ్యి ఉన్నవి. నేను చూచినది మాఘమాసంలో. నూతిలో నీరు చేతికందేటట్టుగా ఉన్నది. "అమ్మా, ఇంత స్థలం బీడు పెట్టడమెందుకు? వేసవిలో కూరల ధర మండిపోతుంది. బెండ, వంగ, బీర, ఆనప, టమాటా అన్నీ వేయండి" అని ఉత్సాహంగా చెప్పి విత్తనాల పొట్లాలు కూడా ఇచ్చి వచ్చాను. ఆవిడ వేసినది. ఫాల్గుణంలో వెళ్ళి చూస్తే తోట కన్నులపండువుగా ఉన్నది. నా డైరీలో గొప్పగా వ్రాసుకొన్నాను కూడా.

మళ్ళీ కృత్తిక కార్తెలో వెళ్ళాను. ఆవిడ ఖాళీ బిందె అరుగుమీద పెట్టి, "నుయ్యి ఇంకిపోనాది బాబూ. ఆవు తాగడానికే చాల్నేదు. మీ బీరపాదుకి ఏటి పొయ్యమంతారు?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. రెండు వారాలపాటు అత్తా కోడళ్ళిద్దరూ వీధి చివరి కుళాయినుంచి బిందెలు మోసి మొక్కలను బ్రతికించ చూచారట. కోడలికి నడుము పట్టినది. చివరకు తోట ఎండనే ఎండినది. తప్పు విత్తనానిది కాదు, ఆవిడది అంతకన్నా కాదు. నాది.

ఆనాడు నేను చేయని లెక్క ఏమంటే: మన ఎండల్లో చదరపు మీటరు పచ్చని మడి రోజుకు ఐదారు లీటర్ల నీరు త్రాగుతుంది. సెంటు నేల అంటే సుమారు 40 చదరపు మీటర్లు. కాబట్టి సెంటుకు రోజుకు 200 లీటర్ల పైమాటే. బిందెకు 13, 14 లీటర్లు పట్టినా పదిహేను బిందెలన్నమాట. ఐదు సెంట్లకు డెబ్బయ్యైదు బిందెలు! ఈ మాట ముందే చెప్పి ఉంటే ఆవిడ నవ్వి ఊరుకొనేది.

కావున మీ నుయ్యినిగాని, బోరునుగాని మాఘంలో చూచి అంచనా వేయకండి. క్రిందటేడు రోహిణి కార్తెలో ఎన్ని బిందెలు వచ్చినవి, అందులో ఇంటికీ గొడ్లకూ పోగా ఎన్ని మిగిలినవి అని ఇంట్లో నీళ్ళు తోడేవారిని అడగండి. మగవారికి ఈ సంగతి సాధారణంగా తెలియదు. మిగిలినవి ఎనిమిది బిందెలైతే మీ తోట అర సెంటు. అంతే.

అర సెంటుతో ఏమవుతుందని మీరడుగవచ్చు. ఎదిగిన మనిషికి రోజుకు కనీసం 300 గ్రాముల కూరగాయలుండాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చారు. ఐదుగురున్న ఇంటికి కిలోన్నర. వేసవిలో అర సెంటు ఇంత ఇస్తుందని నేను చెప్పను. కాని తోటకూర వేసిన 25, 30 రోజులకే కోతకు వస్తుంది. నాలుగు పాదులు కాపుకు వస్తే వారంలో మూడు నాలుగు పూటలు కొనకుండా గడిచిపోతుంది.

నీరు ఆదా చేయడానికి నాకు బాగా నచ్చినది కుండ పద్ధతి. రంగూ సున్నమూ పూయని, నీరు చెమర్చే మట్టికుండ ఐదారు లీటర్లది తెచ్చి, పశువుల ఎరువు కలిపిన గుంటలో మెడవరకు పూడ్చండి. చుట్టూ జానెడు దూరంలోపల ఆనపగాని, బీరగాని, కాకరగాని నాలుగు గింజలు పెట్టండి. కుండనిండా నీరు పోసి మూకుడు మూయండి. కుండ చెమర్చిన తేమను వేళ్ళే వెదుక్కొంటూ వస్తాయి. మూడు నాలుగు రోజులకొకసారి నింపితే చాలును. మన గరువు నేలల్లో పైన పోసిన నీరు నిలువదు గదా; ఈ పద్ధతి అటువంటి నేలకే బాగా పనికివస్తుంది. మడిమీద వరిగడ్డిగాని, జీడిమామిడి ఆకుగాని నాలుగంగుళాలు పరచండి. దానివల్ల చెద వస్తుందనే మాట నిజమే. వేపపిండి చల్లి ఆ పైన పరిస్తే కొంత మేలు. పడమటివైపు తాటాకు దడి కడితే మధ్యాహ్నపు వడగాలి మొక్కకు నేరుగా తగలదు. ఒళ్ళు కడుక్కొన్న నీరు అరటికి, చేమకు వదలండి.

ఇక పైరుల మాట. బెండ, గోరుచిక్కుడు, తోటకూర, బచ్చలి, పాదుజాతి కూరలు ఎండకు ఓర్చుకొంటాయి. టమాటా మాత్రం మొండికేస్తుంది. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రికూడా ఉక్కపోస్తే పూత రాలుతుంది. నీరు ఎక్కువ పోసినా నిలువదు. బెండకు పల్లాకు తెగులు బెడద. ఈనెలు పసుపుపచ్చగా మారిన మొక్కను జాలిపడకుండా పీకి కాల్చివేయండి, తెల్లదోమ దానిని పక్క మొక్కలకు అంటిస్తుంది. అర్క అనామిక వంటి తట్టుకొనే రకం వేసుకొన్నా కన్ను వేసి ఉంచాలి.

"పాదునిండా పువ్వులే, కాయ లేదండీ" అని చాలామంది అంటారు. మొదట వచ్చేవి మగపువ్వులు. ఎండ హెచ్చినా, యూరియా ఎక్కువైనా మగపువ్వులే మరింత వస్తాయి. ఆడపువ్వు వెనుక చిన్న పిందె ఉంటుంది. అది పసుపుపచ్చబడి రాలుతున్నదంటే పుప్పొడి అందలేదన్నమాట. దీనికి మందు అక్కరలేదు. మగపువ్వు కోసి, రేకలు తీసి, ఆడపువ్వు నడుమ మెల్లగా రాయండి. ఆనప, బీర పువ్వులు సాయంత్రం విచ్చుతాయి, వాటికి సాయంత్రమే చేయాలి. కాకర, గుమ్మడి, దోసలకు తెల్లవారి. నేను ఒక ఊళ్ళో ఆనపకు ప్రొద్దుట చేసి చూపించి అభాసుపాలైనాను. అక్కడి ఒక చిన్నది, "నిన్న రాత్రే విరిసిపోనాదండి" అని సరిదిద్దినది.

పాదులమీద గంధకం చల్లకండి, ఆకు మాడిపోతుంది. పండుఈగ కుట్టిన కాయలు ఏరి లోతుగా పాతిపెట్టండి. పెంకుపురుగులను ప్రొద్దుటే, చురుకు పుట్టకముందు, చేతితో ఏరవచ్చు. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడి రాత్రి నానబెట్టి వడగట్టి చల్లవచ్చు. ఒకప్పుడు ఇటువంటి ప్రసంగాలలో ప్రతి పురుగుకూ బి.హెచ్.సి. పొడి చల్లమనేవారు. దానిని 1997లో మన దేశంలో నిషేధించారు. పాత డబ్బాలు అటకమీద ఎవరికైనా మిగిలి ఉంటే పెరటిలోకి రానీయకండి.

వైశాఖ మాసపు గాలివాన సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. పందిరి నిలువెత్తున వేయక, గుంజలు లోతుగా పాతి, తల ఎత్తుకే కట్టుకోండి. కాయలు కోయడానికీ అదే సుఖం.

ఆ పెద్దావిడ మరుసటి ఏడు నన్నడగకుండానే తోట వేసినది. ముప్పాతిక సెంటు, ఏడు కుండలు. టమాటా లేదు. రెండు ఆనపపాదులు బాగా కాచినవి, బీర ఒకటి చచ్చినది, బెండ సగం పల్లాకుకు పోయినది. మిగిలిన స్థలంలో మునగ, కరివేప నాటుకొన్నది. అవి వేరు దిగేవరకే నీరు కోరతాయి. "ఈయేడు కోడలు నడుం బాగానే ఉన్నాది బాబూ" అని నవ్వినది.

మృగశిరకు తొలకరి పడితే నుయ్యి మళ్ళీ ఊరుతుంది. ఆ వేళకు నారు చేతిలో ఉండాలి. రోహిణిలోనే తాటాకు నీడన ఎత్తు మడి కట్టి, చారెడు వంగ, చారెడు మిరప విత్తనం పలుచగా వరుసల్లో చల్లండి. ఆ నారుమడికి రోజుకు ఒక్క బిందె చాలును.