వార్డర్ శిక్షణ: వేలూరు నుంచి సబ్‌జైలు గేటు దాకా

తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ కలగలిసిన బిచ్కుంద సరిహద్దు ప్రాంతపు కక్షిదారులకు జీవితాంతం అర్జీలు రాసిపెట్టిన వకీలు స్మృతిలో ఏర్పాటైన ఉపన్యాసమిది. ఆయనను ఎరిగిన ఊరికి అంతకుమించి చెప్పనవసరం లేదు.

జైలు సిబ్బందికి శిక్షణ కావాలన్న మాట 1919-20 నాటి జైళ్ల కమిటీ నుంచి, 1951-52లో ఐక్యరాజ్యసమితి నిపుణుడిగా వచ్చిన వాల్టర్ రెక్లెస్ మీదుగా, 1980-83 నాటి ముల్లా కమిటీ వరకు వినిపిస్తూనే ఉంది. 1979లో వేలూరులో దక్షిణాది రాష్ట్రాల ఉమ్మడి శిక్షణాలయం వెలిసింది. హైదరాబాదు చంచల్‌గూడలో రాష్ట్ర స్థాయి శిక్షణ సంస్థ ‘సికా’ ఉంది. ఇదంతా తెలిసిన చరిత్రే.

తగవు శిక్షణ ఎవరితో మొదలుకావాలన్న దగ్గరే ఉంది. ముల్లా కమిటీ సూచించినట్లు జైళ్లకు అఖిల భారత సర్వీసు, అంటే ఐపీఎస్ వంటి ప్రత్యేక అధికార వర్గం, ఏర్పడితే కింది స్థాయి తనంతట తానే బాగుపడుతుందని ఒక పక్షం వాదిస్తుంది. ఈ వాదన నిలవదు. జైళ్లు రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాకు చెందినవి. 312వ అధికరణం ప్రకారం కొత్త సర్వీసుకు రాజ్యసభలో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. నివేదిక వచ్చి నలభై ఏళ్లు దాటినా ఆ సర్వీసు పుట్టలేదు. పుట్టినా అది సూపరింటెండెంటు కుర్చీని నింపుతుందే తప్ప గేటు దగ్గర నిలబడదు. 1894 జైళ్ల చట్టం 24వ సెక్షను ప్రకారం లోపలికి వచ్చిన ఖైదీని సోదా చేయాలి, వైద్య పరీక్ష జరిపించి ఒంటిమీది గాయాలను, గుర్తులను పుస్తకంలో ఎక్కించాలి. రాత్రివేళ వారంటుతో వచ్చిన రిమాండ్ ఖైదీ వీపుమీది కమిలిన మచ్చను మొదట చూసేది వార్డరే; అతడు చూసీ ఊరుకుంటే ఆ దెబ్బ ఎక్కడ తగిలిందో తర్వాత ఏ కోర్టూ తేల్చలేదు. 1996లో రామమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఎత్తిచూపిన తొమ్మిది సమస్యల్లో హింస, ఆరోగ్యంపై నిర్లక్ష్యం ఉన్నాయి. ఆ రెండూ వార్డర్ కళ్లముందు జరిగేవే.

అమెరికాలో 1971 నాటి అటికా జైలు తిరుగుబాటులో 43 మంది చనిపోయాక, 1974లో చట్టంతో ఏర్పడిన జాతీయ దిద్దుబాటు సంస్థ పెద్ద కారాగారాలతో ఆగకుండా, విచారణలో ఉన్నవారిని ఉంచే స్థానిక జైళ్ల కోసం వేరే విభాగాన్నే నడిపింది. రిమాండ్ ఖైదీలను ఉంచే మన సబ్‌జైళ్లకు, అక్కడి వార్డర్ల శిక్షణకు కావలసింది అటువంటి శ్రద్ధే.

అందుకే వక్త ఇప్పుడు వార్డర్ల కోసం ఒక చేతిపుస్తకం రాస్తున్నాడు: సోదా, గాయాల నమోదు, ములాఖత్, ఉచిత న్యాయసహాయం, ప్రతి అంశానికీ మరాఠీ, కన్నడ, ఉర్దూల్లో అడగవలసిన ప్రశ్నలు. ఈ సరిహద్దు ఊళ్లలోని న్యాయవాదులు, రిటైరైన జైలు సిబ్బంది ఆ ప్రశ్నలను సరిచూసి, తమ వాడుక మాటలను రాసి పంపాలని మనవి.