ఇరవై మూడో నంబరు

ఈ రోజు బీఈడీ పట్టాలు అందుకుంటున్న మీకు ఒక కథ తెచ్చాను. అది నేను చేసిన తప్పు గురించి. స్నాతకోత్సవంలో పెద్దలు తాము సాధించినవి చెబుతారు. నా దగ్గర ఆ జాబితా చిన్నది, రెండు నిమిషాల్లో అయిపోతుంది. తప్పులైతే సాయంత్రం దాకా సరిపోతాయి.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. ఊరు పేరు, బడి పేరు వద్దు. ఏడో తరగతి, అరవై మంది దాకా పిల్లలు. హాజరు పిలుస్తుంటే ఇరవై మూడో నంబరు దగ్గర బండి ఆగిపోయేది. ఆ అబ్బాయికి నత్తి. "ప్రెజెంట్ సార్" అనబోయి "ప్ప్ప్" దగ్గరే ఇరుక్కునేవాడు. మెడ నరాలు ఉబ్బేవి, కుడిచేత్తో బల్ల అంచు గట్టిగా పట్టుకునేవాడు. ఒకరోజు, బెల్లు కొట్టేలోగా పాఠం అవ్వదన్న కంగారులో ఉన్నాను. "ఏరా, డీజిలింజనులా అన్నిసార్లు తిప్పితే గానీ స్టార్టవ్వవా?" అన్నాను. క్లాసు గొల్లుమంది. నేనూ నవ్వాను. జోకు బాగా పేలిందని లోపల కాస్త గర్వం కూడా.

సాయంత్రానికి అదే వాడి పేరైంది. చేతిపంపు దగ్గర, కబడ్డీ బరిలో, సైకిళ్ల షెడ్డులో, వాడు కనబడితే చాలు, గాల్లో హ్యాండిలు తిప్పి "డుగుడుగుడుగు" అనేవాళ్లు. కొన్నాళ్లకు వాడు రోజూ ఆలస్యంగా రావడం మొదలెట్టాడు. ఆలస్యానికి గుంజీలు తీయించింది కూడా నేనే. అసలు సంగతి తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది. వాడు బడికి వేళకే వస్తున్నాడు. గోడ అవతల కానుగ చెట్టు కింద నిలబడి, కిటికీలోంచి చూస్తూ, నేను రిజిస్టరు మూశాక లోపలికి వస్తున్నాడు.

దీనికి బుల్లీయింగ్ అని ఇంగ్లీషు పేరుంది. మన పిల్లలు ఏడిపించడం అంటారు. చిత్రమైన మాట ఇది. సరదాకి ఆటపట్టించడమూ ఏడిపించడమే, నిజంగా కన్నీళ్లు పెట్టించడమూ ఏడిపించడమే. అందుకే "ఊరికే ఏడిపించాం సార్" అన్న జవాబు మన చెవిలోంచి సులువుగా జారిపోతుంది. ఈ విషయాన్ని మొట్టమొదట పట్టుదలగా పరిశోధించిన డాన్ ఓల్వేయస్ మూడు గుర్తులు చెప్పాడు: కావాలని చేయడం, మళ్లీ మళ్లీ చేయడం, అవతలివాడు తిరగబడలేని స్థితిలో ఉండటం. ఇద్దరు సమానులు కొట్టుకుని కటీఫ్ అనుకుంటే అది తగవు. రేపటికి వాళ్లే కలిసిపోతారు. ఈ మూడూ ఉన్నచోట మాత్రం "ఇద్దరూ చేతులు కలపండి, అయిపోయింది" అని పంపేయకండి. బలమున్నవాడికి ఆ కరచాలనం ఆటలో భాగమే, లేనివాడికి అది ఇంకో అవమానం. నా క్లాసులో దాన్ని మొదలెట్టింది ఎవరో మీకు తెలిసిపోయింది కదా.

చాలా ఏళ్ల తర్వాత 'రైలుబడి' చదివాను. జపాన్ రచయిత్రి తెత్సుకో కురోయానాగి తన చిన్ననాటి బడి గురించి 1981లో రాసిన 'తొత్తో-చాన్'కు అది తెలుగు. అందులో తకహాషి అనే అబ్బాయి ఉంటాడు, ఎత్తు పెరగని పిల్లాడు. ఒకరోజు టీచరు మాటల్లో మాటగా, సరదాకే, నీకు తోకేమైనా మిగిలిందా అని వాణ్ని అడుగుతుంది. హెడ్మాస్టరు కొబయాషి ఆవిడను వంటగదిలోకి పిలిచి, పిల్లల ముందు కాకుండా, గట్టిగా మందలిస్తాడు. ఆ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు బయటికి వెళ్లాను. ఇంకోచోట ఆ బడి ఆటలపోటీలు వస్తాయి. గుడ్డతో చేసిన చేప కడుపులోంచి దూరి అవతలికి పాకడం లాంటివి. పొట్టి కాళ్లు, పొట్టి చేతులు ఉన్నవాడికే కలిసొచ్చే ఆటలు. మొదటి బహుమతులన్నీ తకహాషికే. బహుమతులంటే కూరగాయలు! పిల్లాడి కొలతలు తీసుకుని ఆటను కుట్టించాడు ఆ హెడ్మాస్టరు. చదివినవాళ్లు ముచ్చటపడి ఊరుకుంటారు. మీరు ఊరుకోకండి, మీ క్లాసులో ఎవరి కొలతలకు ఏ ఆట లేదో చూడండి.

నేను కుట్టించిన ఆట అనుకోకుండా కుదిరింది. మరుసటి ఏడాది ఆగస్టు 15కి పిల్లలతో బుర్రకథ కట్టించాం. నడుమ కథకుడు, అటూ ఇటూ వంతలు. ఇరవై మూడో నంబరు బల్లమీద దరువు బాగా వేస్తాడని గుమ్మెట చేతికిచ్చి వంతగా నిలబెట్టాను. నత్తి ఉన్నవాళ్లలో చాలామంది పాటలోనూ, నలుగురితో గొంతు కలిపి పలికేటప్పుడూ తడబడరు. స్పీచ్ థెరపిస్టులకు ఇది తెలిసిన సంగతే, నాకప్పుడు తెలియదు. "తందాన తాన" దగ్గర వాడి గొంతు ఖంగుమంటే నేను చేతిలో కాగితాలు కింద పడేసుకున్నాను.

కథ ఇక్కడ ఆపేస్తే సినిమాలా ఉంటుంది. మర్నాడు హాజరులో మళ్లీ "ప్ప్ప్". ఆ పేరు కూడా ఊళ్లో మరో ఏడాది నడిచింది. మారింది మరొకడు. రెండో వంత, అంతకుముందు హ్యాండిలు తిప్పే గుంపుకు నాయకుడు. పదిహేను సాయంత్రాలు ఇరవై మూడో నంబరుతో తాళం కలిపాక, మళ్లీ వాణ్ని చూసి గాల్లో చెయ్యి తిప్పడానికి ఈ నాయకుడికి చెయ్యాడలేదు కాబోలు, మానేశాడు. వాడు మానేశాక ఇంకో ఇద్దరు మానేశారు.

ఫిన్లాండ్‌లో క్రిస్టినా సల్మివల్లి అనే పరిశోధకురాలు ఇదే చెబుతుంది. ఏడిపించేవాడు, ఏడ్చేవాడు కాక చుట్టూ ఇంకొందరుంటారు. తోడు చేరేవాళ్లు, నవ్వి ఊతమిచ్చేవాళ్లు, పట్టనట్టు ఉండేవాళ్లు, అడ్డుపడేవాళ్లు. అక్కడి కివా కార్యక్రమం ఎక్కువగా పనిచేసేది ఈ చుట్టూ ఉన్నవాళ్ల మీదే. నవ్వు ఆగితే ఆట చప్పబడుతుంది. ఇక్కడే మీ చేతిలో నాటకం ఉంది. బ్రెజిల్‌కు చెందిన అగస్తో బోయల్ ఫోరమ్ థియేటర్‌లో ఒక సన్నివేశాన్ని చెడు ముగింపు దాకా ఆడతారు. మళ్లీ మొదటినుంచి ఆడుతుంటే ప్రేక్షకుల్లో ఎవరైనా "ఆగండి" అని, వేదిక ఎక్కి, తానైతే ఏం చేస్తాడో చేసి చూపాలి. క్లాసులో ఇది అద్భుతంగా నడుస్తుంది. పక్కన నిలబడ్డవాడి పాత్రలోకి కూడా పిల్లల్ని దూకనివ్వండి. ఒక్క జాగ్రత్త: నిజంగా జరిగిన గొడవను ఆడించకండి, దెబ్బ తిన్న పిల్లాడికి దెబ్బతినే పాత్ర ఇవ్వకండి. వాళ్ల బదులు కాకిని, కొంగలను పాత్రలుగా పెట్టుకోండి. ఎవరు కాకో పిల్లలకు తెలుసు.

ఇక ధ్యాస సంగతి. కళ్లు మూసుకుని ఊపిరి గమనించడం ఇప్పుడు బడుల్లో బాగా వినబడుతోంది. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018లో తెచ్చిన హ్యాపీనెస్ కరిక్యులమ్‌లో అది రోజువారీ పాఠంగా ఉండేది. మంచిదే. గుండె దడదడలాడుతున్న పిల్లాడికి పాదాలు నేలకు ఆనించి నాలుగు నిదానమైన ఊపిర్లు తీసుకోవడం తెలిస్తే, కనీసం వెళ్లి పెద్దవాళ్లకు చెప్పేంత స్థిమితం వస్తుంది. కానీ బ్రిటన్‌లో 8,000 మందికి పైగా పిల్లలతో జరిపిన మిరియడ్ అధ్యయనం 2022లో వెలువడింది. మామూలుగా బడుల్లో చేసేదానికంటే ఈ శిక్షణ వల్ల పిల్లలందరికీ కలిపి అదనపు మేలేమీ కనబడలేదు. ఇంటి దగ్గర సాధన చేయని పిల్లలే ఎక్కువ. నాకు ఆశ్చర్యం వేయలేదు. అరవై మందిని ఒకేసారి కళ్లు మూసుకోమంటే, ఏడిపించేవాళ్ల మధ్య కూర్చున్నవాడు ఎలా మూసుకుంటాడు? వాడు ఒక కన్ను తెరిచే ఉంచుతాడు. అలాంటి పిల్లలకు చేతికి పని ఇచ్చే ధ్యాస నయం. చుక్కలు పెట్టి, ఎక్కడా తెగకుండా ముగ్గు కలపడం. బంకమట్టి పిసికి ఎద్దును చేయడం. కళ్లు తెరిచే ఉంటాయి, మనసు మాత్రం వేలి చివర ఉంటుంది.

బొమ్మలు వేయించండి, రాయించండి. ఆ నోటుబుక్కులో ఎర్ర సిరా పెట్టకండి, దీర్ఘాలు దిద్దకండి. పిల్లాడు నల్లరంగు ఎక్కువ వాడాడని నాలుగు పుస్తకాలు చదివి రోగం తేల్చకండి. వాడి దగ్గర ఆ రోజు నల్ల క్రేయానే మిగిలి ఉండొచ్చు. "ఇదేమిటి, చెప్పు" అని అడిగి, చెప్పేదాకా ఆగండి. నత్తి పిల్లాడైతే మరీ ఆగండి. వాడి మాట మీరు పూర్తి చేయకండి.

ముగ్గులకూ మట్టికీ లొంగనివి కూడా మీకు ఎదురవుతాయి. ఒంటిరంగుతో, ఇంటిపేరుతో, ఏ వీధి నుంచి వచ్చాడన్నదానితో పెట్టే పేర్లు. అన్నం దగ్గర కాస్త ఎడంగా జరగడం. అక్కడ క్రేయాన్లు తీయకండి, హెడ్మాస్టరు గది తలుపు తట్టండి. ఒక పిల్ల ఫొటోను వాట్సాప్ గ్రూపులో పెట్టి ఏడిపిస్తుంటే ఆ స్క్రీన్‌షాట్ భద్రపరిచి తల్లిదండ్రులను పిలవండి. పిల్లలకు వాళ్ల హెల్ప్‌లైన్ 1098 నంబరు నోటికి వచ్చేలా చేయండి. మన సంగతికొస్తే, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బెత్తంతోపాటు మానసిక వేధింపునూ నిషేధించింది. నా డీజిలింజను ఇవాళైతే ఆ సెక్షను కిందికే వస్తుంది.

క్షమాపణ చెప్పావా అని మీలో ఎవరో అడగబోతున్నారు. చెప్పాను, స్టాఫ్‌రూములో, తలుపు దగ్గరికేసి. తప్పు అరవై మంది ముందు చేశాను, క్షమాపణ ఒక్కడికే చెప్పాను. ఆ లెక్క కుదరదని తెలిసేసరికి వాడు పదో తరగతి దాటి వెళ్లిపోయాడు. అందుకే ఇవాళ మైకులో చెబుతున్నాను.

బుర్రకథ అయిన వారం హాజరు పద్ధతి మాత్రం మార్చాను. "ప్రెజెంట్ సార్" తప్పనిసరి కాదు, ఎవరికి తోచినట్టు వాళ్లు పలకొచ్చన్నాను. మొదటి రోజు పెద్ద గోల. ఒకడు కోడిలా కూశాడు, ఒకమ్మాయి లేచి నమస్కారం పెట్టింది, వెనక బెంచీలో ఎవడో ఈల వేశాడు. పక్క క్లాసు మేష్టారు వచ్చి తొంగిచూసి వెళ్లారు. ఇరవై రెండు దాటింది. "ఇరవై మూడు" అన్నాను. బల్ల మీద రెండు దరువులు పడ్డాయి. రిజిస్టరులో టిక్కు పెట్టి "ఇరవై నాలుగు" అన్నాను.