మంచుపై ఎనిమిది అంకె

మనకు మంచుగడ్డ యనగా, వేసవిలో సోడా దుకాణమున రంపపుపొట్టులో పొదిగియుంచిన దిమ్మ జ్ఞప్తికి వచ్చును. దానిపై నిలుచుటయే కష్టము. ఇక ఒంటికాలిపై వెనుకకు జారుచు ఎనిమిది అంకెను లిఖించుట యెట్లు? దగ్గర పెన్సిలున్నచో కాగితముపై ఎనిమిది అంకె నొకదానిని వ్రాయుడు. దానిపైననే మరి రెండుసార్లు వ్రాయుడు. మూడు రేఖలును ఒక్కటిగా కనబడవలెను. ఆ పనినే ఉక్కు అంచుగల జోళ్లతో మంచుపై చేసిన యొక యువతి కథను నేడు విన్నవించుచున్నాను.

ఆమె పేరు టెన్లీ ఆల్బ్రైట్. 1935లో అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున, బోస్టనుకు చేరువనున్న న్యూటనులో జన్మించెను. తండ్రి శస్త్రవైద్యుడు. 1946లో, పదునొకండవ యేట, ఆమెకు పోలియో సోకెను. దానికి టీకా 1955లోగాని వాడుకలోనికి రాలేదు. అంతవరకు బిడ్డకు జ్వరము వచ్చి మెడ బిగిసినచో తల్లిదండ్రుల ప్రాణములు పైకెగిరిపోయెడివి. టెన్లీ శరీరము బలము గోల్పోయినను, అదృష్టవశమున కాళ్లు శాశ్వతముగ చచ్చుబడలేదు. సత్తువ కూడదీసికొనుటకై మరల మంచుపై కడుగిడిన ఆ బాలిక, కొన్ని నెలలకే బాలికల పోటీలో నెగ్గెను.

ఆ కాలపు పోటీలలో, సంగీతముతో కూడిన కన్నులపండువగు భాగమునకు నూటికి నలుబది పాళ్లు మాత్రమే. తక్కిన 60 పాళ్లును ఇందాక నేను చెప్పిన నిర్ణీత రేఖలకే. న్యాయనిర్ణేతలు మంచుపైకి వంగి గీతలను పరిశీలించెడివారు. ప్రేక్షకులకు అది వట్టి విసుగు. 1990 తరువాత అంతర్జాతీయ పోటీలనుండి దానిని తొలగించిరి. నా మట్టుకు నాకు, ఆ విద్యకు ప్రాణము ఆ గీతలలోనే యున్నట్లు తోచును.

1952లో ఓస్లో ఒలింపిక్సున టెన్లీకి రజతపతకము లభించెను. మరుసటి యేడు దావోసులో ప్రపంచ విజేత యయ్యెను. అమెరికా స్త్రీలలో ఆ గౌరవము పొందిన మొదటి యామె. 1954లో ఆ స్థానమును జర్మనీ యువతి గుండీ బుష్ కైవసము చేసికొనగా, 1955లో వియన్నాలో టెన్లీ మరల సాధించెను. ఈ నడుమ రాడ్‌క్లిఫ్ కళాశాలలో చదువును సాగుచునేయున్నది. తెల్లవారకముందే మంచుపై సాధన, పిదప తరగతులు.

1956 ఒలింపిక్సు ఇటలీలోని కోర్తినాలో. పోటీకి రెండు వారములైనను లేదు. సాధనలో ఆమె జోడు మంచులోని యొక గాడిలో తగులుకొని పడిపోయెను. ఎడమకాలి ఉక్కు అంచు, కుడికాలి తోలుజోడును చీల్చి, చీలమండను ఎముకదాక కోసెను. శస్త్రవైద్యుడైన తండ్రియే వచ్చి గాయమును చూడవలసివచ్చెను. దుముకి దిగునపుడు దేహభార మంతయు ఒక్క చీలమండపై పడునను సంగతి తలచినచో, ఆ వైద్యుని మనస్సులో నేమి మెదలినదో ఊహింపవచ్చును. ఆమె పోటీలో దిగినది. పదునొకండుగురు న్యాయనిర్ణేతలలో పదిమంది ఆమెకే ప్రథమస్థాన మొసంగిరి. రెండవస్థానము స్వదేశీయురాలే యగు కారల్ హైస్‌ది. కొద్ది దినములకే జరిగిన ప్రపంచపోటీలో ఆ కారలే టెన్లీని ఓడించినది!

ఈ సువర్ణపతకముతో చేయదగిన పని మరొకటి యుండెను. మూడు ఒలింపిక్సులలో గెలిచిన నార్వే యువతి సోన్యా హెనీ హాలీవుడ్డు చేరి అపారధనము గడించెను. టెన్లీ ఆ త్రోవ ద్రొక్కలేదు. 1956తోనే పోటీలకు స్వస్తి చెప్పి, స్త్రీలను వ్రేళ్లపై లెక్కింపదగిన హార్వర్డు వైద్యకళాశాలలో చేరెను. ఆమె పట్టభద్రురాలైన 1961వ సంవత్సరముననే, ఫిబ్రవరి 15న, బ్రస్సెల్సు సమీపమున విమానము కూలి అమెరికా స్కేటింగు జట్టంతయు నశించెను. ఆమెకు విద్య నేర్పిన గురువు మారిబెల్ విన్సన్ ఓవెన్, తన కుమార్తె లిరువురితో అందులోనే యుండెను. ఆ యేటి ప్రపంచపోటీలు రద్దయినవి.

టెన్లీ తండ్రివలెనే శస్త్రవైద్యురాలై, బోస్టనులో కత్తి చేపట్టెను.