కొండలోయలో శీతకాలపు గాలి



నేను మియాపూరు కాపురస్థుడను. తలపై మెట్రో బండ్లు, క్రింద ముంబయి రహదారిపై రేయింబవళ్లు తెగక సాగెడి లారీలు, నలుదెసల లేచుచున్న మేడల దుమ్ము, ఇదియే మా గాలి. చలికాలమున నాకు దగ్గు పట్టినప్పుడెల్ల ఇంటివారు, “అరకు పోయి పదిదినము లుండి రారాదా? అచటి గాలి అమృతము” అందురు. ఒక పుష్యమాసమున పోయితిని. అచట చూచినదియు, పిదప తెలిసికొన్నదియు మీకు మనవి చేసెదను.

అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నది. 2022 ఏప్రిలు 4వ తేదీనుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. చుట్టును గాలికొండ మొదలగు గిరులు. ఆ కొండవాలులందు సిల్వర్ ఓక్ చెట్ల నీడను కాఫీమొక్కలును, చెట్ల మ్రాకులకు మిరియపుతీగెలును పెరుగుచున్నవి. ఆ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. కార్తీకము మొదలు మాఘమువఱకు పండ్లకోత. అనగా పనివా రెల్లరు వేకువనే బయలుదేరవలసిన కాలమే చలి మిక్కుటమైన కాలము.

తొలిదినమున వేకువనే లేచి చూచితిని. లోయ యంతయు పాలు పోసిన పళ్లెమువలె నుండెను. యాత్రికులు ఆహా యనుచు ఛాయాచిత్రములు తీసికొనుచుండిరి. నేనును ఆహా యంటిని. కాని ముక్కునకు కట్టెపొగ వాసన తగిలినది, గంట గడువకమున్నే మియాపూరు దగ్గు మరల పట్టినది!

దీనికి కారణము వినుడు. పగటివేళ నేలయొద్ది గాలి వెచ్చనై పైకి పోవును. దానితో పొగయు పోవును. మబ్బులేని చలిరాత్రి నేల త్వరగా చల్లబడును. దానినంటిన గాలియు చల్లబడి బరువెక్కి, కొండవాలున నీరువలె జాఱి లోయలో నిలుచును. దానిపైన వెచ్చనిగాలి పొర యొకటి కుండపై మూతవలె కూర్చుండును. పొయ్యిపొగ ఆ మూతవఱకు లేచి, పైకి దారిలేక అడ్డముగా పఱచుకొనును. మీ యూరి చెఱువుగట్టున నిలిచి మార్గశిర సాయంకాలమున చూడుడు. ఇండ్లపై పొగ చాపవలె పఱచుకొని యుండుట కానవచ్చును. మైదానమున దానిని ప్రక్కగాలి కొట్టుకొనిపోవచ్చును. లోయకు ప్రక్కలందు కొండలే గోడలు. ప్రొద్దెక్కి నేల వేడెక్కువఱకు ఆ మూత తొలగదు.

మంచు నీరే గనుక దానివలన భయములేదు. పొగలోని నలుసు వేఱు. అందు మిల్లీమీటరులో నాలుగువందలవ వంతునకు మించని వెడల్పు గలవి ముక్కులో ఆగక ఊపిరితిత్తుల తుదిగదులవఱకు దిగును. ఇట్టివి ఒక ఘనమీటరు గాలిలో దినమునకు సగటున 60 మైక్రోగ్రాములు మించరాదని మన దేశపు కట్టడి; 15 మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో చెప్పినది. పసిపిల్లలకు న్యుమోనియాయు, పొయ్యియొద్ద బ్రదుకు వెళ్లబుచ్చిన స్త్రీలకు మానని ఆయాసమును ఈ నలుసువలన హెచ్చగునని వైద్యులు తేల్చినారు.

చలి తగ్గినపిమ్మట ఫాల్గుణ చైత్రములందు వేఱొక పొగ. పోడుకై నఱికిన పొదలను వానకు ముందు కాల్తురు. ఆ దినములలోనే జల్లు పడినచో కాఫీ మల్లెలవలె తెల్లగా పూయును. ఒక కొండపై పూలవాసన, ఎదుటికొండపై మంట. పోడుచేయువానిని నిందించుట మైదానమువారికి సులువు. వాని కడుపు మాట మనకు పట్టదు. కాఫీబోర్డును, పాడేరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థయు పోడునకు బదులుగా కాఫీని ప్రోత్సహించుటలో నాకు నచ్చిన సంగతి యొకటి కలదు. కాఫీ కాపునకు మూడు నాలుగేండ్లు పట్టును. నిప్పు ఒక్కపూటలో దానిని మాడ్చివేయును. కావున తోట గలవాడు ప్రక్కకొండ మంటకు తానే కావలివాడగును. ఆషాఢపు వానలు ఆకాశమును కడిగివేయును. ఆ నెలల గుఱించి చెప్పవలసిన దంతగా లేదు.

ఇక ఇంటిలోని పొగ. కోతకు పోవుచున్న యొక ముదుసలి తన యింటికి నన్ను పిలిచినది. కిటికీ లేని గది, నడుమ పొయ్యి, దానిపైన దూలమునకు నల్లబడిన మొక్కజొన్న పొత్తులు వ్రేలాడుచున్నవి. ప్రభుత్వము 2016నుండి బీదయిండ్లకు గ్యాసు ఇచ్చుచున్నది గదా యంటిని. బండ మూలనున్నది, మరల నింపించుటకు డబ్బు కావలెను, కట్టెలకు అక్కఱలేదు. పొయ్యికి గొట్టమైన పెట్టి పొగను కప్పు దాటింపవచ్చునని చెప్పితిని.

ఆమె నవ్వి, “పొగ లేకపోతే యిత్తనానికి పురుగు పడతాది బాబూ. కప్పు గడ్డి కూడా పొగకే నిలుస్తాది” అన్నది.

నాకు మాట తోచలేదు. పసిబిడ్డ నెత్తుకొని వాకిట దగ్గుచున్న కోడలు మెల్లగా, “ఇత్తనం బూడిద కలిపి కుండలో పెడదాం అత్తా. మా అమ్మ అలాగే చేసేది” అన్నది. ముదుసలి బదులాడక పొత్తులవంక కొంతసేపు చూచి, గంప తీసికొని కోతకు పోయినది. మఱునాడు నేను ఆ దారిని పోవుచుండగా కోడలు రెండు పొత్తులు దింపి వాకిట ఒలుచుచుండెను.