సంత్రా తొక్క, అల్లం ముక్క

జగిత్యాల నుంచి, కోరుట్ల నుంచి వచ్చిన బీడీలు చేసే అక్కలకు, సిరిసిల్ల మరమగ్గాల సాంచాల మీద రాత్రంతా నిలబడి పొద్దున నిద్ర మానుకుని ఈ సభకు వచ్చిన అన్నలకు, తమ్ముళ్లకు మరీ మరీ నమస్కారం.

అరుగుదలకు చైనావాళ్లు ఇళ్లల్లో కాచుకునే కషాయం గురించి చెప్పమన్నారు. చెప్తాను. కానీ ముందు మన కడుపుల సంగతి. సాంచా షిఫ్టు పన్నెండు గంటలు. రాత్రి డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి ఒక చాయ్, ఆకలి ఆపుకోవడానికి ఇంకో చాయ్. బీడీల చాట ముందేసుకున్న అక్క వెయ్యి లెక్క పూర్తయ్యేదాకా నడుం ఎత్తదు. అన్నం ఏ మూడింటికో, అదీ గబగబా. సాయంత్రానికి కడుపు ఉబ్బరం, పులితేన్పులు, ఛాతీలో మంట. అన్నిటికీ మనం పెట్టుకున్న పేరు ఒక్కటే, గ్యాస్. దుకాణానికి పోయి ఒక గోలీయో, నీళ్లలో పొంగే పొడియో తెచ్చుకుని మింగుతాం. మళ్లీ రేపు అదే కథ.

చైనా సంప్రదాయ వైద్యుడి దగ్గరికి పోయి కడుపు ఉబ్బిందంటే ఏం తిన్నావని అడుగుతాడు. అక్కడ 14వ శతాబ్దపు వైద్యుడు ఝూ దాన్‌షీ పేర ఒక మందు ఇవాళ్టికీ వాడుకలో ఉంది. పేరు బావోహె వాన్. ఏడు దినుసులు, వాటిలో కొన్ని చెప్తాను. మాంసం, కొవ్వు అరగకపోతే షాన్‌ఝా అనే పుల్లటి ఎర్ర పండు. కల్లు, సారా లాంటివి తాగి, నిల్వ కూడు తిని కడుపు చెడితే పులియబెట్టి ఎండబెట్టిన పిండి ముద్ద. పిండి వంటకాలతో ఉబ్బరమైతే ముల్లంగి గింజలు. వీటిని కలిపి నడిపించడానికి ఎండిన కమలా తొక్క. ఏ తిండికి ఏ విరుగుడో ఇంత విడదీసి చూడటం నాకు చాలా నచ్చింది. దావత్‌లో మటన్ ఎక్కువై వచ్చిన బరువు, రాత్రంతా ఉత్త కడుపున చాయ్ తాగితే వచ్చే మంట ఒకటి కావు. మొదటిదానికి పనికొచ్చేది రెండోదాన్ని పెంచవచ్చు.

ఆ కమలా తొక్కనే అక్కడ చెన్‌పీ అంటారు. దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని షిన్‌హుయి దానికి పేరుపడ్డ చోటు. పండును మూడు రేకులుగా, అడుగున విడిపోకుండా ఒలిచి, ఎండలో ఆరబెట్టి, కనీసం మూడేళ్లు మాగబెడతారు. తొక్క ఎంత పాతదైతే అంత ధర. అక్కడ లోపలి పండు కంటే పై తొక్కకే గిరాకీ. మనకు నాగపూర్ నుంచి లారీల్లో వచ్చి జగిత్యాల బజారులో, కోరుట్ల బస్టాండు దగ్గర బండ్ల మీద అమ్ముడుపోయే సంత్రా కూడా అదే జాతి, సిట్రస్ రెటిక్యులాటా. మనం తొనలు తిని తొక్కను మోరీలో పారేస్తున్నాం.

ఇక ఈ తొక్క, అల్లంతో కషాయం చేసే పద్ధతి. సంత్రాను ఒలవకముందే ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో బాగా రుద్ది కడగండి. తోటలో కొట్టిన మందు తొక్క మీదే ఉంటుంది, ఈ పని వదిలేయొద్దు. తొక్కను ఎండలో వేళ్లతో విరిస్తే పుటుక్కున విరిగేదాకా ఆరబెట్టి గాజు సీసాలో పెట్టండి. కొంచెం తేమ మిగిలినా బూజు పడుతుంది, బూజు పట్టినదాన్ని తుడిచి వాడకుండా పారేయండి. మూడేళ్లు ఆగలేం కాబట్టి మనది షిన్‌హుయి సరుకు కాదు, కాస్త చేదు ఎక్కువ. అయినా ఇంటికి చాలు.

ఇద్దరికి అర లీటరు నీళ్లు. బొటనవేలి గోరంత వెడల్పున పచ్చి అల్లం ముక్కలు నాలుగు, పల్చగా కోసి వేసి పది నిమిషాలు సన్నమంట మీద మరగనివ్వండి. తర్వాత అర పండు తొక్క చేత్తో తుంచి వేసి, మూత పెట్టి, ఇంకో ఐదు నిమిషాలు. మూత ముఖ్యం. తొక్కలోని సువాసన నూనె ఆవిరితో పోతుంది, అది పోతే మిగిలేది చేదు నీళ్లే. చైనావాళ్లు దీనికి ఇనుప గిన్నె, రాగి గిన్నె వాడరు, మట్టి పాత్రలో కాస్తారు. మీకు స్టీలు గిన్నె సరిపోతుంది. పాలు వద్దు. చక్కెర వద్దు, మరీ తాగలేకపోతే చిటికెడు బెల్లం. తిన్న అరగంటకు, గోరువెచ్చగా, గుక్క గుక్కగా తాగాలి. ఉత్త కడుపున తాగొద్దు.

ఇంకొకటి. కోరుట్ల, మెట్‌పల్లి పసుపు పండే నేలలు. ఇందులో పసుపు వేయొచ్చా అని తప్పకుండా అడుగుతారు. నేనైతే వేయొద్దంటాను. పసుపులోని కర్కుమిన్ నీళ్లలో సరిగా కరగదు, నూనె ఉండాలి. పప్పులో, కూరలో మన అమ్మలు పసుపు వేసే తీరు ఎంతో తెలివైనది. అక్కడే ఉండనిద్దాం.

అల్లం మాత్రం మనకూ చైనావాళ్లకూ ఉమ్మడి. పచ్చి అల్లం వేరు, ఎండిన శొంఠి వేరు అని రెండు వైద్యాలూ విడివిడిగా చూస్తాయి. పనిచేస్తుందా అంటే, తైవాన్‌లో పరీక్షించి చూశారు. 2008లో 24 మంది ఆరోగ్యవంతులకు 1.2 గ్రాముల అల్లం ఇస్తే కడుపులోని ఆహారం త్వరగా కిందికి జారింది. 2011లో అజీర్తి ఉన్న 11 మందికి ఇచ్చినప్పుడూ అలాగే జరిగింది, కానీ వాళ్ల బాధల్లో పెద్ద తేడా కనిపించలేదు. చిన్న పరీక్షలు ఇవి. కాబట్టి ఈ కషాయంతో కడుపు జబ్బులు నయమవుతాయని ఎవరు చెప్పినా నమ్మకండి. భోజనం తర్వాతి బరువుకు ఉపశమనం, పాల చాయ్ ఒకటి తగ్గడం, వేడి నీళ్లతో పదినిమిషాలు కుదురుగా కూర్చోవడం, ఇంతే దీని లాభం. సాంచాల చప్పుడు మధ్య ఆ పది నిమిషాలు నాకు చిన్న విషయంగా కనిపించవు.

అల్సర్ ఉన్నవాళ్లకు, ఉత్త కడుపున మంట వచ్చేవాళ్లకు అల్లం మంటను పెంచుతుంది, దూరంగా ఉండండి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు డాక్టరును అడగండి. కొన్ని చైనా కషాయాల్లో మొలకెత్తించిన బార్లీ కూడా ఉంటుంది, పాలిచ్చే తల్లులకు పాలు తగ్గుతాయని అక్కడి వైద్యులే దాన్ని ఇవ్వరు. బజారులో దొరికే ప్యాకెట్లలో అది ఉందేమో చదివించుకోండి. నల్లటి విరేచనం, తిన్నది దిగకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఛాతీ నొప్పి ఎడమ చేతికి పాకడం ఉంటే పొయ్యి దగ్గరికి పోకండి, సీదా దవాఖానకు పొండి. గుండెనొప్పిని గ్యాస్ అనుకుని ఇంట్లోనే కూర్చుని ప్రాణం పోగొట్టుకున్నవాళ్లు ఈ మూడు ఊళ్లలోనూ ఉన్నారు.

కషాయం వెనక బల్ల మీద పెట్టాం. పొద్దున ఏమైనా తిన్నవాళ్లే తాగండి, తిననివాళ్లకు ముందు ఉప్మా ఉంది.