తాకట్టులో ఉన్న ఇంట్లో మన వాటా
(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ రోజు ఇంటి కాగితాల గురించి మాట్లాడుకుందాం. కాగితాలు మగవాళ్ళ పని అని మనలో చాలామంది అనుకుంటాం. కాని సంతకం మాత్రం మన చేత పెట్టిస్తారు. వేలిముద్ర పోయి సంతకం వచ్చింది. మంచిదే. ఆ సంతకం ఏ కాగితం మీద పెడుతున్నామో ఇప్పుడు చదవాలి.

ఒక మాట ముందే చెబుతాను. అప్పు కాగితం వేరు. ఇంటి కాగితం వేరు. అప్పు కాగితం మీద సంతకం పెడితే అప్పు మనదవుతుంది. ఇల్లు మనది కాదు. ఇంటి దస్తావేజులో మన పేరు రాసి, రిజిస్టరు చేయిస్తేనే ఇంట్లో మనకు వాటా వస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇల్లు భర్త పేరు మీద ఉంది. దాని విలువ 20 లక్షలు. ఆయన బ్యాంకులో 8 లక్షలు అప్పు తీసుకున్నాడు. ఇంటి అసలు దస్తావేజులు బ్యాంకులో పెట్టాడు. దీన్నే తాకట్టు అంటాం. కొందరు తనఖా అంటారు, కొందరు కుదువ అంటారు. బ్యాంకు వాళ్ళు భార్యను పిలిచారు. "మీరు కూడా ఒక సంతకం పెట్టండమ్మా" అన్నారు. ఆమె పెట్టింది. ఏం కాగితమని అడగలేదు. అది జామీను కాగితం.

జామీను ఉన్నవాళ్ళకు బాధ్యత ఎంత? అప్పు తీసుకున్న మనిషికి ఎంతో, వీళ్ళకూ అంతే. కాగితంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప, 1872 నాటి కాంట్రాక్టు చట్టం అలాగే చెబుతుంది. అంటే రేపు ఆయన కట్టకపోతే బ్యాంకు ఆమెను అడగవచ్చు. ఇల్లు మాత్రం ఆయన ఒక్కడిదే. బరువు ఇద్దరిది, ఇల్లు ఒకరిది. ఇదేం న్యాయం?

అందుకని సంతకం అడిగిన రోజే మనమూ ఒకటి అడగాలి. "అప్పులో నేనున్నాను కదా, ఇంట్లో కూడా నా పేరు రాయించండి" అనాలి. అలా అడిగితే మొగుడి మీద నమ్మకం లేదని కాదు. బ్యాంకుకు ఆయన మీద నమ్మకం ఉండే అప్పు ఇచ్చింది. అయినా కాగితం రాయించుకుంది కదా!

"తాకట్టులో ఉన్న ఇంట్లో వాటా ఎలా ఇస్తారు? అప్పు తీరాక చూద్దాంలే" అని ఇంట్లో అంటారు. ఇది సగమే నిజం. తాకట్టు పెట్టినంత మాత్రాన ఇల్లు బ్యాంకుది అయిపోదు. ఇల్లు యజమానిదే. ఆయన అందులో వాటా ఇవ్వవచ్చు. అయితే తాకట్టు ఇంటిని వదలదు. ఇల్లు ఎవరి పేరుకు మారినా తాకట్టు దాని వెంటే వస్తుంది.

ఇంకో సంగతి. బ్యాంకు రాయించుకున్న కాగితాల్లో సాధారణంగా ఒక షరతు ఉంటుంది. మా అనుమతి లేకుండా ఇల్లు ఇంకొకరికి రాయకూడదు అని. ఆ షరతు తప్పితే అప్పంతా ఒకేసారి కట్టమని బ్యాంకు అడగవచ్చు. కాబట్టి ముందు బ్యాంకుకు అర్జీ పెట్టాలి. అనుమతి కాగితం మీదే తీసుకోవాలి. మేనేజరు "సరేనమ్మా" అని నోటితో అంటే చాలదు. ఆయన బదిలీ అయి పోతాడు, మాట కూడా ఆయనతోనే పోతుంది.

అనుమతి ఇచ్చేటప్పుడు, అప్పులో మీరు కూడా చేరాలని బ్యాంకు అడగవచ్చు. అప్పుడు ఆగి ఆలోచించండి. వాయిదా నెలకు ఎంత? ఇంకా ఎన్నేళ్ళుంది? ఆయన కట్టలేకపోతే మనం కట్టగలమా? ఇవన్నీ అడిగి తెలుసుకున్నాకే సంతకం.

ఇక వాటా రాయించటం. భర్త భార్యకు వాటా ఉచితంగా ఇస్తే దాన్ని దాన దస్తావేజు అంటారు. సెటిల్‌మెంటు అని కూడా అంటారు. తెల్లకాగితం మీద రాస్తే చెల్లదు. నూరు రూపాయల స్టాంపు కాగితం మీద రాసి ఊరి పెద్దలు సంతకాలు చేసినా చెల్లదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు కావాలి. ఇచ్చేవాళ్ళ సంతకం ఉండాలి. కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఇచ్చేవాళ్ళు బతికి ఉండగానే తీసుకునేవాళ్ళు ఒప్పుకోవాలి. "నేను ఈ వాటా స్వీకరించాను" అని దస్తావేజులోనే రాయించండి. స్టాంపు ఖర్చు చుట్టరికాన్ని బట్టి మారుతుంది. లేఖరి ఒక్కడి మాటే వినకుండా ఆఫీసులో కూడా అడగండి.

దస్తావేజులో మూడు మాటలు మీరే వేలు పెట్టి చదవండి. మీ పేరు. మీ వాటా ఎంత, సగమా, పావా? ఇంటి మీద తాకట్టు ఉందని, ఆ అప్పు ఎవరు తీర్చాలని రాశారా? ఈ మూడోది చాలామంది రాయించుకోరు. తర్వాత కొట్లాటలన్నీ అక్కడే పుడతాయి.

"వీలునామా రాస్తాలే, ఇప్పుడు రిజిస్ట్రేషను ఖర్చు ఎందుకు" అనేవాళ్ళూ ఉంటారు. వీలునామా రాసిన మనిషి దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. దాన దస్తావేజు అలా కాదు. ఒకసారి రిజిస్టరయ్యాక, మోసమో బలవంతమో జరిగితే తప్ప, మనసు మారిందని వెనక్కి తీసుకోవటం కుదరదు.

సగం వాటా వచ్చిందనుకుందాం. "నా వంతు 4 లక్షలు కట్టేస్తాను, నా సగం విడిపించండి" అంటే బ్యాంకు ఒప్పుకోనక్కరలేదు. తాకట్టు మొత్తం ఇంటి మీద ఉంటుంది. అయితే వాటాదారుకు ఒక హక్కు ఉంది. మొత్తం అప్పు తానే కట్టి ఇల్లు విడిపించుకోవచ్చు. రెండో వాటాదారు వంతు ఎంతో అంత తర్వాత వాళ్ళ దగ్గర వసూలు చేసుకోవచ్చు. కట్టిన ప్రతి రసీదు మీ పెట్టెలో ఉంచుకోండి.

భర్త పోతే? ఇది అడగటానికి నోరు రాదు. అయినా చెప్పుకోవాలి. హిందువుల్లో, ఆయన సొంతంగా సంపాదించిన ఇల్లయితే, వీలునామా లేకపోతే, భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, ఆయన తల్లికి సమానంగా వస్తుంది. ముస్లిములకు, క్రైస్తవులకు లెక్క వేరు. అప్పు కూడా ఇంటితో పాటే వస్తుంది. కాని మీరు అప్పు కాగితం మీద సంతకం చేసి ఉండకపోతే, ఆయన వదిలి వెళ్ళిన ఆస్తి మేరకే బాధ్యత. మీ కూలి డబ్బు, మీ పుట్టింటి బంగారం ముట్టుకోకూడదు. కొన్ని ఇంటి అప్పులకు బీమా ఉంటుంది. ఉందేమో బ్యాంకులో అడగండి.

పుట్టింటి సంగతి కూడా ఉంది. తండ్రి పోయాక అన్నదమ్ములు వస్తారు. "అప్పు తీర్చాలి, నువ్వొక సంతకం పెట్టు చెల్లీ" అంటారు. ఆ కాగితం హక్కు విడుదల దస్తావేజు అయితే మీ వాటా వాళ్ళకు వదిలేసినట్టే. ఇష్టమైతే వదులుకోండి, అది మీ ఇష్టం. తెలియక మాత్రం వదులుకోవద్దు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు వాటా ఇస్తూ మన రాష్ట్రంలో 1986లోనే చట్టం వచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకు అది వర్తించలేదు. 2005లో దేశమంతటికీ చట్టం మార్చారు. ఇప్పుడు పెళ్ళయిన కూతురికీ ఆ వాటా ఉంది.

వడ్డీ వ్యాపారి దగ్గర తాకట్టయితే ఇంకా జాగ్రత్త. కొందరు తాకట్టు అని చెప్పి అమ్మకం దస్తావేజు రాయించుకుంటారు. "డబ్బు కట్టాక తిరిగి రాసిస్తా" అంటారు. తిరిగి రాసిచ్చే షరతు అదే దస్తావేజులో లేకపోతే చట్టం దాన్ని తాకట్టుగా చూడదు.

వాయిదాలు వరసగా తప్పితే, 2002 చట్టం ప్రకారం బ్యాంకు 60 రోజుల నోటీసు ఇస్తుంది. ఆ తర్వాత కోర్టుకు పోకుండానే ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు. నోటీసు వస్తే దేవుడి పటం వెనక దాచకండి. రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. దానికి బ్యాంకు 15 రోజుల్లో సమాధానం చెప్పాలి. కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు.

అప్పు పూర్తిగా తీరిన రోజున తేదీ రాసి పెట్టుకోండి. 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. అది 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు ఇవ్వాలి. కాగితాలు తీసుకున్నాక సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించండి. ఇంటి మీద ఏ భారాలు రిజిస్టరయ్యాయో అందులో ఉంటుంది. తాకట్టు తీరినట్టు ఎక్కిందా, వాటాదారుగా మీ పేరు ఎక్కిందా, అక్కడే నిలబడి చదువుకుని రండి.